నిమ్మనపల్లె పెద్దమ్మ తెల్లకణాలు

ఆ రోజుల్లో నాకు అన్నీ తెలుసు. అంత తెలివి మళ్లీ ఎప్పుడూ రాలేదు. గుడుపల్లెలో కూలికి పోయే ఇంట్లో పుట్టి, ల్యాబు టెక్నీషియన్ డిప్లొమా చేసి, మదనపల్లెలో ఒక చిన్న నర్సింగ్ హోములో ఉద్యోగం తెచ్చుకున్నదాన్ని. తెల్లకోటు వేసుకుని నడిస్తే జనం గౌరవంగా పక్కకు తప్పుకుంటారని నా నమ్మకం. (తప్పుకునేవాళ్లు, నిజమే. చేతిలో మూత్రం సీసాలుండేవి.) మా అమ్మ ఊరంతా "మా పాప రగతం డాక్టరు" అని చెప్పుకొచ్చింది. నేనూ కాదనలేదు.

చేరి మూడు నెలలు కాకముందే నిమ్మనపల్లె నుంచి ఒక పెద్దమ్మ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. టమాటా తోటలో కాలికి ముల్లు దిగి, ఆ పుండు నెల దాటినా మానలేదు. జ్వరం మాత్రం లేదు. మనిషిని చూస్తే గుండ్రటి మొహం, పూరీల్లాగా పొంగిన బుగ్గలు. డాక్టరమ్మ రక్తపరీక్ష రాసి ఆపరేషన్ గదిలోకి పోయింది.

తెల్లకణాలు పదకొండు వేలు దాటకూడదని చదువుకున్నాను. మిషను పద్దెనిమిది వేలు చూపించింది. మిషను మీద నమ్మకం లేక గాజుపలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూశాను. ఎటు జరిపినా తెల్లకణాలే. రక్త క్యాన్సరు పాఠం నాకు బాగా వచ్చు (పరీక్షలో వస్తుందని బట్టీ పట్టాను, రాలేదు). అంతే, నిర్ధారణ అయిపోయింది. ఏడుపు ఆగలేదు.

బయట బెంచీ మీదున్న పెద్దమ్మ లోపలికే వచ్చేసింది. "యాల పాపా ఏడస్తాండావు? ఎవురన్నా ఏమన్నా అన్నారా? చెప్పు, నేను అడగతా" అంటూ కొంగుతో నా మొహం తుడిచింది. దాంతో ఇంకా ఎక్కువైంది. కొడుకు పరిగెత్తుకొచ్చాడు. "మా అమ్మకు ఏమైందక్కా?" ఏ టెక్నీషియనూ అనకూడని మాట అన్నాను: "ధైర్యంగా ఉండండి."

గంటలో ఆటో నిండా బంధువులు దిగారు. శోకాలు మొదలయ్యాయి. అప్పటికి పెద్దమ్మకు విషయం అర్థమైంది. ఒక్క మాటే అంది: "నాటిన తోట ఇంకా కాపుకే రాలేదు కదప్పా."

డాక్టరమ్మ వచ్చి మైక్రోస్కోపులో చూసింది. "అన్నీ ముదిరిన కణాలే కదమ్మా. నువ్వనుకునే క్యాన్సరైతే పసికణాలు కనపడాల. సూసినావా?" చూడలేదు. తర్వాత పెద్దమ్మ మొహంకేసి తేరిపార చూసి, "ఏం మాత్రలు మింగుతాండావు?" అంది.

పెద్దమ్మ నడుం దగ్గరి తిత్తిలోంచి ఒక పొట్లం తీసింది. "మోకాళ్ల నొప్పికి పుంగనూరు మందులంగట్లో ఇచ్చినాడు తల్లీ. మింగితే లేడిపిల్ల మాదిరి నడస్తా. ఏడాదిగా మింగుతాండా. ఆకలి సూడాల, అబ్బ!"

స్టెరాయిడు. మన ఒంట్లోనే ఊరే హార్మోను లాంటిదే అంది డాక్టరమ్మ. "మార్కెట్టులో కూలోళ్లు గోడవారగా కూర్చోనుంటారు కదా. వాళ్లందర్నీ లేపి రోడ్డు మీదికి తోలితే, లెక్కపెట్టేవాళ్లకు ఉన్నట్టుండి కూలోళ్లు ఎక్కువైనట్టుంటాది. కానీ సరుకు దించాల్సిన లారీ కాడికి ఎవురూ పోరు. ఈ తెల్లకణాలూ అంతే. రక్తనాళాల గోడకు అతుక్కోనుండేటివి రక్తంలోకి వచ్చేస్తాయి, పుండు కాడికి సరిగ్గా పోవు. ఇంకో రకం కణాలైతే తగ్గిపోతాయి. అందుకే నొప్పి తెలీదు, జ్వరం రాదు, పుండూ మానదు."

కొడుకు ఆ పొట్లం లాక్కుని కిటికీ దగ్గరికి పోయాడు. పోయిన పరువు తెచ్చుకుందామని నేనూ అరిచాను: "పారెయ్ అన్నా!"

"ఆగు!" డాక్టరమ్మ కేకకు ఇద్దరం బిగుసుకుపోయాం. "ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తాది. ఇన్నాళ్లూ బయటినుంచి వస్తాంది కాబట్టి ఒంట్లో దాన్ని తయారుచేసే గ్రంథి నిద్రపోయింది. అది లేసేదాకా కొంచెంకొంచెంగా తగ్గించాల." ఒకే పూటలో నాది రెండో తప్పు.

ఏడవడానికి వచ్చిన బంధువులు టీలు తాగి ఆటో ఎక్కారు. నేను పెద్దమ్మ ముందు తలొంచుకుని నిలబడ్డాను. ఆమె నా గడ్డం పట్టుకుని, గొంతు తగ్గించి అంది: "పోనీలే పాపా. నేను సచ్చినా మా కోడలు కన్నీళ్లు పెట్టదనుకుంటి. ఈ పొద్దు ఎట్ల ఏడిసింది, సూస్తివి కదా! నీ పుణ్యమే."

ఉద్యోగం పోలేదు. డాక్టరమ్మ అన్నదల్లా, "ఇంగ మీదట లెక్కపెట్టేది నీ పని, చెప్పేది నా పని" అని. మాత్రలు తగ్గే కొద్దీ పెద్దమ్మ పుండు మానింది, మోకాళ్లు మళ్లీ మొరాయించాయి, బుగ్గలు దిగిపోయాయి. "నా అందమంతా తీసేస్తిరి" అని వచ్చినప్పుడల్లా నన్నే తిట్టేది.

ఇప్పుడు నేను కుప్పంలో ఉన్నాను, నా కింద ఇద్దరు పనిచేస్తారు. అలాంటి కౌంటు వస్తే ఏం మందులు వాడుతున్నారో అడిగి, రాసి, సంతకం పెట్టి తర్వాతి సీసా అందుకుంటాను. కన్ను తడవదు. పని అట్లనే చెయ్యాలి. అయినా ఒక్కోసారి, పొద్దున పరిచయమైన మనిషి కోసం మైక్రోస్కోపు తడిసేలా ఏడ్చిన ఆ తెలివితక్కువ పిల్ల గుర్తొచ్చి, దగ్గరుంటే తల నిమిరేదాన్ని కదా అనిపిస్తుంది.