అత్తయ్య బావిలో చేద

మా మేనత్తది దివిసీమలో కరకట్ట పక్క ఊరు. ఆవిడ పెరట్లో ఒక బావి ఉంది. దివిసీమలో తియ్యటి నీళ్ళ బావి ఉండడం ఎంత గొప్పో, బందరులో కుళాయి తిప్పుకుని బతికే మాలాంటివాళ్ళకు తెలియదు. ఇంకాస్త కిందికి, హంసలదీవి వైపు వెళ్తే ఎక్కడ తవ్వినా ఉప్పే. ఏటి ఒడ్డున ఇసుక నేల కాబట్టి వీళ్ళకు మాత్రం పైపైనే మంచినీళ్ళు ఊరేవి. ఆ నీళ్ళతో అత్తయ్య పెట్టిన కాఫీ తాగి, "పాలెక్కడివి అత్తయ్యా, ఇంత బాగుంది?" అని నేను అడిగేదాన్ని. "పాలదేముందే, నీళ్ళని మెచ్చుకో" అనేది. ఆవిడకి కాస్త పొగరు. అలాంటి బావి నాకుంటే నాకూ ఉండేది.

మా వైపు పురిటి రోజులు గడిచాక బాలింత చేత బావికి పసుపు కుంకుమ పెట్టించి చేద వేయిస్తారు. అంటే ఆ పిల్ల స్వయంగా చేంతాడు పట్టుకుని, బొక్కెన దించి నీళ్ళు తోడాలి. అక్కడితో పురుడు తీరినట్టు. ఈ రోజుల్లో చాలామంది కుళాయికే బొట్టు పెట్టించి కానిచ్చేస్తున్నారు. అత్తయ్య ఊళ్ళో బాలింతలు మాత్రం ఆవిడ బావికే వచ్చేవారు. ఆ మొదటి నీళ్ళు ఆవిడ దోసిట్లో పట్టి రుచి చూసి, తరవాత బాలింతకు ఒక గుక్క తాగించేది. ఇది ఎక్కడా లేని ఆచారం, ఆవిడే పెట్టుకుని ఉంటుంది. మా అమ్మాయి పుట్టినప్పుడు నేనూ అలాగే తాగాను.

కొన్నేళ్ళుగా ఆ ఊరి ముందు ఏట్లో ఇసుక తవ్వుతున్నారు. మొదట ట్రాక్టర్లు వచ్చాయి, వాటి వెనక పొక్లెయిన్లు, టిప్పర్లు. ఇసుక ఉన్నన్నాళ్ళూ ఏరు పైకి ఎండినట్టున్నా అడుగున నీళ్ళు నిలవుండి ఒడ్డు బావుల్లోకి ఊరేవి. ఇసుక పోయి ఏరు లోతయ్యాక, బావుల్లో నీళ్ళే ఏటి గుంటల్లోకి జారిపోవడం మొదలైంది. ఎండాకాలం వస్తే సముద్రం పోటు ఆ గుంటల దాకా ఎగదన్నుతోంది. ఊరివాళ్ళు ఆఫీసర్ల దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకుంటే, "వరదొస్తే ఇసుక మళ్ళీ మేట వేస్తుంది కదండీ" అని నచ్చజెప్పి పంపారట. ఆ మాట విన్నప్పుడు నాకు వొళ్ళు మండిపోయింది. అత్తయ్య మాత్రం కోపగించుకోలేదు. బావిలోకి తొంగిచూసి రావడం ఎక్కువ చేసింది.

ఈ ఎండాకాలం బందరు ఆసుపత్రిలో మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. కబురు తెలియగానే అత్తయ్య ఫోన్ చేసి, "చేద ఇక్కడే వేయించాలి, బందరులో కుళాయికి బొట్లు పెట్టించావంటే ఊరుకోను" అంది. అప్పటికి బావిలో నీళ్ళు ఎంత అడుగంటాయంటే బొక్కెన దించితే బురద తగులుతోంది. అందుకని కింద ఇంకా తవ్వించి, సిమెంటు వరలు దింపించాలని పట్టుబట్టింది. మావయ్య వద్దన్నాడు. "కింద ఉప్పు జల ఉంటదే. ఉన్న కాసిని నీళ్ళూ పోతయ్యి" అన్నాడు. ఇన్నేళ్ళు ఆ నేల మీద కాపురం చేసిన మనిషి, ఆవిడకి తెలియక కాదు. "బొక్కెన మునగని బావి దగ్గరికి బిడ్డతల్లిని ఎట్టా పిలుస్తాను?" అంది. మావయ్యే వెళ్ళి బావి తవ్వేవాళ్ళని పిలుచుకొచ్చాడు.

వరలు దించారు. నీళ్ళు నిండుగా వచ్చాయి. బురద తేరుకునే దాకా ఆగాలి కదా, ఈలోగా ఆవిడ ఇంకో పట్టు పట్టింది. బాలింత చేద వేసేదాకా ఆ నీళ్ళు ఎవరూ ముట్టుకోకూడదట. మావయ్యనీ రుచి చూడనివ్వలేదు.

మేం వెళ్ళేసరికి గట్టంతా కడిగి ముగ్గులు పెట్టి ఉంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు శనగల కోసం చేరారు. నీళ్ళు అద్దంలా తేరుకుని ఉన్నాయి. చూస్తే నాకే సంబరమైంది, మావయ్యది ఉత్త భయమేననుకున్నాను. మా అమ్మాయి బావికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, బొక్కెన దించింది. చేంతాడు పట్టుకోవడం రాక సగం నీళ్ళు ఒలకబోస్తే అందరం నవ్వాం. అత్తయ్య ఎప్పటిలాగే దోసిట్లో పట్టి నోట్లో పోసుకుంది.

మింగలేదు, ఉమ్మలేదు. శుభమా అని వచ్చిన పిల్ల ముందు ఉమ్మడానికి మనసొప్పక, చివరికి మింగేసింది. మా అమ్మాయి తన వంతు కోసం దోసిలి చాపింది.

"నీకొద్దులేమ్మా" అంది అత్తయ్య, ఆ చేతులు మెల్లగా దించేసి.

మావయ్య తల వంచుకున్నాడు. "నే చెప్పలా" అన్నా బాగుండేదేమో, ఆవిడ ఎదురుతిరిగి అరిచేది. నాకు ఏడుపొచ్చింది. ఇసుక ఎత్తుకుపోయినవాళ్ళెవరూ అక్కడ లేరు. తప్పంతా తనదే అన్నట్టు ఆవిడే నిలబడింది.

అందరికీ శనగలు, తాంబూలాలు ఇచ్చి పంపాక, గట్టు మీద మిగిలిపోయిన బొక్కెన ఎత్తుకుంది. పక్కనున్న మల్లె పాదులో పోయబోయి ఆగింది.

"చచ్చిపోద్ది ఇది" అని, ఆ నీళ్ళు మళ్ళీ బావిలోనే పోసేసింది.