వెనక బెంచీలో ఒకరు

దేవుడి దగ్గర దీపం పెట్టి, కల్పలత గారు వంటింట్లోకి వచ్చి, ఆ రోజు కాలేజీలో చెప్పబోయే పాఠం మొదటి భాగం పైకి చెప్పేవారు. ప్రతి ఉదయం అదే అలవాటు. వినేది ఆమె అత్తగారు అనసూయమ్మ. పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వినేది. అర్థమైనంతసేపు ఈనెలు పడుతూ ఉండేవి. అర్థం కాకపోతే చేతులు ఆగిపోయేవి.

"ఉండవే, ఉండు. గాడ తప్పిపోయిన. మళ్ళ చెప్పు" అనేది.

కల్పలత గారు మా మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ ప్రొఫెసర్. శరీరం ఎలా పనిచేస్తుందో మొదటి ఏడాది పిల్లలకు చెప్పే పంతులమ్మ అన్నమాట. నేను ఆమె కిందే పనిచేస్తాను. మెట్టుగూడలో వాళ్ళిల్లు మా ఇంటికి రెండు సందుల అవతల. అప్పుడప్పుడు పొద్దున్నే ప్రసాదం ఇవ్వడానికి వెళ్ళి, ఆ వంటింటి పాఠాలు నేనూ కొన్ని విన్నాను.

ఒకసారి గుండె పాఠం. "గుండె ఒక పంపులాంటిదత్తమ్మా" అని మొదలుపెట్టారు.

"పంపు సరే. కరెంటు పోతే మన బోరు పంపు బందయితది. మరి దీనికి కరెంటు యాడికెల్లొస్తదే?"

కల్పలత గారు గరిటె పక్కన పెట్టి, తన కాగితాలు తిరగేశారు. గుండె తన కరెంటు తానే పుట్టించుకుంటుందన్న సంగతి ఆమె రాసుకున్న పాఠంలో ఎక్కడో చివర ఉంది. ఆ రోజు క్లాసులో తెర మీది బొమ్మలన్నీ ఆపేసి, ముందుగా అత్తగారి ప్రశ్నే పిల్లల ముందు పెట్టారు. గంట కొట్టినా పిల్లలు లేవలేదు.

పాఠం ఎలా చెప్పాలన్న తపన ఆమెకు అప్పుడు పట్టుకుంది. మా ఊరి బడిలో పాఠం చెప్పిన పంతులు కూడా, ఎలా చెప్పాలో ఎక్కడో నేర్చుకుని వచ్చినవాడే. మేం మాత్రం డాక్టరు చదువు అయిపోగానే క్లాసులోకి వెళ్ళి నిలబడతాం. రోగిని చూడడం నేర్పారు కానీ, ఎదురుగా కూర్చున్న పిల్లాడి ముఖం చూడడం ఎవరూ నేర్పలేదు. ప్రమోషనుకు కూడా ఎంత బాగా చెప్పావని ఎవరూ అడగరు. చెప్పడం కూడా ఒక విద్యేనని, దాన్నీ పరిశోధించాలని ఆమె అనేవారు. ఒక బ్యాచికి అత్తగారి వంటింటి ప్రశ్నతో, ఇంకో బ్యాచికి మామూలుగా అదే పాఠం చెప్పి, ఎవరికెంత గుర్తుందో చూసి, వ్యాసం రాసి, ఒక సభలో చదివారు. ముందు వరసలో ఉన్న పెద్దాయన నవ్వి, "ఇది రీసెర్చా అమ్మా, ఇంటి ముచ్చటా?" అన్నాడట. హాలంతా నవ్విందట.

ఇంటికొచ్చి అత్తగారికి చెప్పుకున్నారు. "ఇంటి ముచ్చటన్నరు అత్తమ్మా."

"మరి ఇంట్లదే గదనే! అబద్ధమాడిండా పాపం?" అంది అనసూయమ్మ. కాసేపటికి ఇద్దరూ ఒకటే నవ్వు. తరవాత ఆ వ్యాసం ఒక పత్రికలో వచ్చింది. చివర కృతజ్ఞతల్లో తన పేరు చూపిస్తే ఆ తల్లి కాగితాన్ని కళ్ళకద్దుకుని, శివుడి పటం వెనక దోపింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ తరవాత మా డిపార్ట్‌మెంట్‌లో శనివారం టీ మొదలైంది. ప్రతి వారం ఒకరి క్లాసులో ఇంకొకరు వెనక బెంచీలో కూర్చుంటారు. శనివారం అందరం కలిసినప్పుడు అలా కూర్చున్నవాళ్ళు ఒక్కటే చెప్పాలి, ఎక్కడ తప్పిపోయారో. అది చెప్పేదాకా పొగడ్త నిషేధం. క్యాంటీన్ కమలాబాయి కెటిల్‌తో అల్లం టీ తెచ్చేది. కల్పలత గారికి మాత్రం చక్కెర లేని కప్పు వేరుగా, చల్లారకుండా మూతపెట్టి. అలా తెమ్మని ఎవరూ చెప్పలేదు. ఆమెకు షుగరని ఎలా తెలుసుకుందో ఏమో. భగవంతుడు ఇలాంటి చేతులతోనే మనల్ని చూసుకుంటాడనిపిస్తుంది.

మొదట్లో మాకు రోషాలొచ్చాయి. నేనైతే ఒకసారి బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. పోనుపోను ఆ మాట కోసమే ఎదురుచూడడం అలవాటైంది. కానీ అందరం కలిసి ఒక తప్పు చేశాం. కల్పలత గారి వంతు వచ్చినప్పుడల్లా, "మీకు మేం చెప్పేదేముంది మేడమ్" అని చేతులు జోడించేశాం. గురువుకు తప్పు చూపిస్తే పాపమని పెరిగినవాళ్ళం కదా. ఆమె ఏమీ అనేవారు కాదు. అప్పట్లో ఆమెను ఆపేవాళ్ళు ఇంట్లో ఉన్నారు.

అనసూయమ్మ నిరుడు కార్తికమాసంలో పోయింది.

పొద్దుటి అలవాటు మాత్రం పోలేదు. కల్పలత గారు ఇప్పటికీ దీపం పెట్టి, వంటింట్లో పాఠం మొదటి భాగం పైకి చెబుతారు. పీట తీయలేదు. "చెప్పుకుంట చెప్పుకుంట మధ్యల ఆగుత శ్రీలేఖా" అన్నారు నాతో ఒకసారి, బస్టాపులో. "ఎవరన్నా ఉండవే అంటరేమోనని. ఎవరు అంటరు? కుక్కర్ విజిల్ వేస్తది, అంతే." నవ్వబోయారు కానీ, బస్సు వస్తోందన్నట్టు అటు తిరిగారు.

ఈ నెలాఖరుకు ఆమె రిటైరవుతున్నారు. శనివారం టీ ఇక విశ్వతేజ నడపాలని ఆమె కోరిక. విశ్వతేజ కాకినాడ వైపు కుర్రాడు, మా అందరిలో చిన్నవాడు, బాగా చెబుతాడు. పోయిన వారం ఆమె బీపీ పాఠం చెప్పిన క్లాసులో వెనక బెంచీ వంతు అతనిదే.

శనివారం టీ దగ్గర ఆమె అడిగారు. "చెప్పు నాన్నా, యాడ తప్పిపోయినవ్?"

"అబ్బే, భలేవారండీ మేడమ్. అద్భుతం అంతే."

"మీ గోదావరోళ్ళకు తీపి జెర ఎక్కువే. నాకు షుగరున్నది, తెల్సు గద?"

అందరం నవ్వాం. అతనూ నవ్వాడు కానీ కప్పులోంచి తల ఎత్తలేదు.

ఆమె, నేను గది బయటికి వచ్చాక, మెట్ల దగ్గర ఇద్దరు పిల్లలు మమ్మల్ని చూడకుండా మాట్లాడుకుంటున్నారు. "బీపీ పాఠం సమజైందారా?" అన్నాడొకడు. "మేడమ్ మంచిగనే చెప్పిన్రు మామా. నా బుర్రకే ఎక్కలే" అన్నాడు ఇంకొకడు.

కల్పలత గారు నా చెయ్యి పట్టుకుని ఆగిపోయారు. "సూడు, తప్పు వాని మీదేసుకుంటున్నడు. ఎన్ని దినాల నుంచి గిట్ల చెప్తున్ననో! ఒక్కరన్నా చెప్పలే నాకు." ఆ చేతులు జోడించినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

సోమవారం విశ్వతేజ ఆమె గదికి వచ్చాడు. వీడ్కోలు సభకు శాలువా ఏ రంగు తేవాలని అడగడానికి. నేనక్కడే పరీక్ష పేపర్లు సర్దుతున్నాను.

"శాలువా సంగతి తర్వాత. బీపీ పాఠంల నువ్వు యాడనో తప్పిపోయినవ్. అవునా, కాదా?"

అతను తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "మధ్యలో అండీ... మెడ దగ్గరి నరం గురించి చెప్పినప్పుడు. చెబుదామనే అనుకున్నాను. మీకు ఎలా చెప్పడమండీ?"

"నాకే చెప్పకపోతే రేపు టీ కాడ తోటోళ్ళకెట్ల చెప్తవ్ బిడ్డా? మర్యాదతోని శనివారం టీ నడ్వదు."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె కుర్చీ దగ్గరికి జరిపి కూర్చోమన్నారు. కమలాబాయి పంపిన కప్పు మీది మూత తీసి, దాన్ని అతని ముందుకు తోశారు.

"గురువారం నా ఆఖరి క్లాసు. బీపీ పాఠమే మళ్ళ చెప్త, ఆ పిల్లల కోసం. నాకొక్క పని చేసిపెట్టు విశ్వతేజా. శాలువా వద్దు, పూలు వద్దు. వచ్చి వెనక బెంచీల కూసో. తప్పిపోయిన కాడ చెయ్యెత్తి, అందరి ముంగట, ఉండవే అను. మా అత్తమ్మ అన్నట్టు. నీకు నోరు రాకపోతే ఉండండి మేడమ్ అన్నా సరే. కానీ నన్ను ఆపు."