బొప్పాయి కాడకు కట్టిన దారం

నా చిన్నప్పుడు పక్కింటి దర్జీ చాచా చేసిన ఒక తమాషా, ఇన్నేళ్లకు మా మనవరాలి ఊపిరికి అక్కరకొచ్చింది. ఆ పిల్ల కూడబలుక్కొని చదివే నాటికి నేను ఉంటానో లేనో. అందుకే ఇప్పుడే రాసి పెడుతున్నాను.

అప్పుడు మేం మోత్కూరులో ఉండేవాళ్లం. చాచా కుట్టుమిషను వాకిట్లోనే, దాని వెనక బొప్పాయి చెట్టు. ఆకు కాడలు బోలుగా ఉంటాయి కదా, వాటితో పిల్లలందరికీ బూరలు చేసిచ్చేవాడు. ఒకరోజు నా బూర మోగలేదు. ఊదితే గుర్రుమంటూ గాలి ఈడ్చుకుపోతోంది. లోపల పురుగు దూరిందనుకొని చీపురుపుల్లతో పొడుస్తూ కూర్చున్నాను. చాచా మిషను తొక్కడం ఆపి నవ్వాడు.

"ఎంతసేపు లోపలనే చూస్తవు బిడ్డా? జర బయట చూడు."

వాడిపోయి మెత్తబడిన కాడ చుట్టూ ఆకుపచ్చ దారం బిగించి ఉంది. ఆయన పనే. కత్తెరతో తెంపాడు. అయినా మోగలేదు, నొక్కుకుపోయిన చోటు అట్లాగే ఉంది. నాకు ఏడుపొచ్చింది. కాడను చెంబు నీళ్లలో వేసి, "పొద్దుగాల సంది కట్టి ఉండె. లేవనీకి దానికి సుత టైం కావాలె గద" అన్నాడు. సాయంత్రానికి కాడ నిండుగా లేచింది. వాడంతా ఊదుకుంటూ తిరిగాను.

తెలంగాణ వచ్చిన తర్వాత పుట్టింది మా మనవరాలు. పుట్టినప్పటి నుంచీ ఊపిరిలో అదే గుర్రు, పాలు తాగేటప్పుడు ఇంకా ఎక్కువ. కఫమన్నారు. మందులు పోశాం, తగ్గలేదు. చివరికి హైదరాబాదు దవాఖానలో డాక్టరమ్మ స్కానింగ్ తీయించి, గొంతులో అడ్డేమీ లేదని అసలు సంగతి చెప్పింది. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం ఒకటిగా ఉండాల్సింది రెండుగా చీలి, శ్వాసనాళాన్నీ అన్నవాహికనూ ఉంగరంలా చుట్టుకుందట. చాలా అరుదట. ఆపరేషన్ చేయాలంది. నా కొడుకు ఒప్పుకోలేదు.

"గొంతుల ఏం లేదని వాళ్లే అంటున్నరు. మరి రొమ్ము ఎందుకు కోసుడు?"

నేను బడికి పోయింది కొద్ది రోజులే, నా చదువంతా ఇప్పుడు మేముండే భువనగిరి గ్రంథాలయంలో సంపాదించుకున్నది. అక్కడికే పరుగెత్తి శరీరం గురించిన లావుపాటి పుస్తకం తెరిచాను. గుండె మీద వంపు తిరిగిన ఆ నాళం, దానికి ఆనుకొనే శ్వాసనాళం. బొమ్మ చూడగానే ఆకుపచ్చ దారం కళ్లముందు మెరిసింది. దారిలో ఒక బొప్పాయి కాడ తెంపుకొచ్చి, దారం బిగించి, కొడుకును ఊదమన్నాను. ఊదాడు. పుల్ల పెట్టి లోపల వెతికాడు. అప్పుడు దారం చూపించి, కత్తెర వాడి చేతికే ఇచ్చాను.

"గిదేనా అమ్మా?"

"గిదే నాయినా."

మర్నాడు దవాఖానలో సంతకం పెట్టాడు.

ఆపరేషన్ అయ్యాక కూడా గుర్రు పోలేదు. మెల్లమెల్లగా తగ్గుతుందని డాక్టరమ్మ ముందే చెప్పినా కోడలికి దిగులు ఆగలేదు. నేను మాత్రం చెంబు నీళ్లను తలచుకుంటూ ఉన్నాను. నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం పిల్ల పాలు తాగుతుంటే ఇల్లు కొత్తగా తోచింది. ఏమిటా అని చెవి పెడితే, చప్పుడు లేదు.

డాక్టరమ్మకు, అడగగానే పుస్తకం దించి ఇచ్చిన గ్రంథాలయం తమ్ముడికి, భయపడుతూనే నా మాట విన్న కొడుక్కూ కోడలికీ పేరుపేరునా దండాలు. చాచా ఇప్పుడు లేడు. ఏది మొరాయించినా ముందు దాని చుట్టూ చూడటం, ఆ తర్వాత ఓపిక పట్టడం ఆయన నాకిచ్చినవి. ఇది రాస్తుంటే మనవరాలు వాకిట్లో బొప్పాయి కాడ ఊదుతోంది. జర మెల్లగ ఊదవే అంటే వినదు. దానికి ఊపిరి ఎక్కువైంది.