ఒక్క పూట బియ్యం

నాకు తెలిసి మా ఇంట్లో బియ్యం కొన్నది ఒక్కసారే. కోవూరుకు తూర్పున మూడు మైళ్ల దూరంలో ఉండే పల్లె మాది. ఇంటి ముందు రెండు గరిసెల్లో ఏడాది పొడవునా వడ్లు ఉండేవి. ఉప్పు, కిరసనాయిలు, గుడ్డలు తప్ప అంగట్లో కొనాల్సింది మా అమ్మకు ఏమీ ఉండేది కాదు. అట్లాంటి మనిషి నన్ను వెంటబెట్టుకుని నెల్లూరు పోయి, గాజు బీరువాలున్న అంగట్లో నిలబడి, ఏం కొనాలో తేల్చుకోలేక గంటసేపు సతమతమైంది. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తలు. నేను ఫిఫ్తు ఫారం చదువుతున్నాను.

దానికి కారణం మా నాయనకు వచ్చిన కామెర్లు. ఆ ఏడు కోతలు అయిపోయిన నెలలోనే ఆయన కళ్లు పచ్చబడ్డాయి. నేలవుసిరి నూరి మజ్జిగలో కలిపి పరగడుపున తాగించారు. ఉప్పు లేదు, నూనె లేదు, చింతపండు లేదు. నలభై రోజులు కటిక పథ్యం చేశాడు. నలభై ఒకటో రోజున కోవూరు డాక్టరు వచ్చి కళ్లు చూసి, కడుపు నొక్కి చూసి, "జబ్బు పోయింది. ఇంక అన్నం పెట్టండి, ఎండుద్రాక్ష కూడా పెట్టండి. నూనె, నెయ్యి మాత్రం ఇంకో నెల వద్దు" అని చెప్పి వెళ్లాడు.

జబ్బు పోయింది కానీ నాయన అన్నం ముట్టలేదు. మా పక్క చేను ఆసామికి కూడా అదే నెలలో కామెర్లు వచ్చాయి. ఆయనా నాయనా ఒక ఈడువాళ్లు, చిన్నప్పటి నుంచి ఒకే కాలవకు నీళ్లు పెట్టుకున్నవాళ్లు. ఆ ఆసామి పథ్యం పట్టలేక పద్దెనిమిదో రోజున చేపల పులుసు పోసుకుని అన్నం తిన్నాడని, వారం తిరక్కుండానే పోయాడని ఊరంతా చెప్పుకుంది. పులుసు వల్లే పోయాడో, జబ్బు ముదిరి పోయాడో ఎవరికి తెలుసు! శవాన్ని మా వీధిలోంచే తీసుకుపోయారు. నాయన మంచం మీద పడుకుని ఆ డప్పుల మోత విన్నాడు.

అప్పటి నుంచి ఆయనకు తిండి అంటేనే భయం పట్టుకుంది. గంజి తేట తాగేవాడు. అమ్మ మెత్తగా అన్నం వండి తెస్తే కంచంలోకి చూసి, వేలితో ఒక మెతుకు నొక్కి, "వద్దులే, పొట్ట బరువుగా ఉండాది" అనేవాడు. మేం తింటుంటే ఒకసారి మా వైపు చూసి మొహం గోడకేసి తిప్పుకునేవాడు. మొలతాడు వదులైపోతే రెండుసార్లు విప్పి బిగించి కట్టుకున్నాడు. నాకు జాలి కలిగేది. నిజం చెప్పాలంటే జాలి కంటే విసుగే ఎక్కువ కలిగేది. డాక్టరు బాగైందన్నాక కూడా ఇంటిల్లిపాదినీ ఇట్లా ఏడిపిస్తాడేమని లోపల సణుక్కునేదాన్ని.

నెల్లూరులో ట్రంకు రోడ్డు పక్క వీధిలో ఒక అంగడి ఉండేది. ప్రకృతి వైద్యం మీద నమ్మకం ఉన్న ఒక పెద్దాయన దాన్ని నడిపేవాడు. దంపుడు బియ్యం, గానుగ నూనె, అడవి తేనె, తాటిబెల్లం, అన్నీ శుభ్రంగా, అన్నీ ఖరీదుగా. వకీళ్లు, డాక్టర్లు, పెద్ద పెద్ద ఆఫీసర్ల ఇళ్లవాళ్లు అక్కడ కొనేవాళ్లు. తిండి ఎట్లా తినాలో, ఏది తినకూడదో చెప్తూ ఆయన కరపత్రాలు అచ్చు వేయించి పంచేవాడు. చూడవచ్చిన బంధువు ఎవరో అందులో ఒకటి మా ఇంట్లో వదిలిపెట్టి పోయారు. నాయన దాన్ని మంచం మీద పడుకుని పదిసార్లు చదివాడు. ఒకరోజు పొద్దున అమ్మను పిలిచి చెప్పాడు.

"ఆ అంగట్లో బియ్యం తెస్తే తింటా."

అమ్మ నిర్ఘాంతపోయింది. "రెండు గరిసెల వడ్లు పెట్టుకోని బియ్యం కొనుక్కొచ్చేదా? మనవి ఏం పాపం చేసినాయయ్యా?"

"మనవి మిల్లులో ఆడించినవి గదా. పైన తవుడంతా పోయుంటది."

"నేను రోట్లో దంచుతా."

"ఆ రోట్లో కారం దంచినావు, చింతపండు తొక్కినావు. వద్దు."

అమ్మ వంటింట్లోకి పోయి సంచి వెతికి దులిపింది. తర్వాత నాతో, "రేపు బడికి పోబాక. చదివేదానికి నువ్వుండాల" అంది.

మర్నాడు కోవూరు దాకా నడిచి, అక్కడ బస్సెక్కాం. పెన్న దాటేటప్పుడు ఇసక మీద ఆరేసిన చీరలు, దోసపాదులు కనబడ్డాయి. వాటినేం చూడకుండా అమ్మ ఒళ్లో సంచి పట్టుకుని కూర్చుంది. అంగడి గడప దగ్గర ఇద్దరం ఆగాం. లోపల నేల అద్దంలా ఉంది. అమ్మ పైట కొంగుతో పాదాలు తుడుచుకుని లోపలికి వచ్చింది.

అంత వాసన ఒకచోట నేనెప్పుడూ పీల్చలేదు. బెల్లం, నువ్వులు, ఎండిన ఉసిరి, సుగంధిపాల అన్నీ కలిసిన వాసన. బీరువాల్లో వరసగా సీసాలు, ఒక్కో సీసా మీద గుండ్రటి అక్షరాలతో అంటించిన చీటీ. నేను ఒక్కొక్కటే చదివి అమ్మకు చెబుతూ పోయాను. కొర్రలు, సామలు, గోధుమ రవ్వ, తేనె, ఖర్జూరం, ఎండుద్రాక్ష. చదివేకొద్దీ అమ్మ మొహం అయోమయంగా తయారైంది. ఒకదాని దగ్గర నిలబడి "ఇది చలవ చేస్తదా?" అంటుంది. ఇంకోదాని దగ్గరకు పోయి "ఇది అరుగుతదా?" అంటుంది. అన్నిటికీ నాకేం తెలుసు! తేనె తీసుకుందామని సీసా చేతిలోకి తీసుకుని, వేడి చేస్తుందేమోనని మళ్లీ పెట్టేసింది. ఖర్జూరం తీసి అదీ పెట్టేసింది. నాయన మళ్లీ మంచాన పడితే ఆ పాపం ఈ చేతిదే అవుతుందని ఆమె భయం. ఆ సంగతి అప్పుడు నాకు తెలియలేదు. అందరూ మమ్మల్నే చూస్తున్నారని సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అంతలో ఒక పట్నం ఆవిడ నెయ్యి సీసా మూత తీసి వాసన చూస్తోంది. పక్కనే ఉన్న అమ్మ ముక్కుకు కూడా ఆ వాసన తగిలింది. ఊరుకోలేకపోయింది.

"అది తీసుకోబాకమ్మా. మాడింది. వెన్న కాచేటప్పుడు అడుగంటింది" అంది మెల్లిగా.

మెల్లిగానే అన్నా అంగడి పెద్దాయనకు వినబడింది. ఖద్దరు చొక్కా, వెండి ఫ్రేము కళ్లద్దాలు. లేచి వచ్చి సీసా అందుకున్నాడు. తిడతాడనుకుని నేను అమ్మ కొంగు లాగాను. ఆయన వాసన చూశాడు. అరచేతిలో చుక్క వేసుకుని రుద్ది మళ్లీ చూశాడు. ఆ వరసలో ఉన్న నెయ్యి సీసాలు ఆరూ తీసి బల్ల కింద పెట్టేసి, పట్నం ఆవిడతో "రేపు రండమ్మా, వేరేది తెప్పిస్తాను" అన్నాడు. ఆ తర్వాత అమ్మ వైపు తిరిగాడు.

"మీకేం కావాలమ్మా?"

"బియ్యం" అంది అమ్మ.

ఆయన ఒక డబ్బా తెరిచి గుప్పెడు బియ్యం కాగితం మీద పోసి చూపించాడు. అమ్మ నాలుగు గింజలు తీసి కొరికింది. మిగతావి అరచేతిలో పోసుకుని అటూ ఇటూ కదిలించింది. పట్నం వచ్చినప్పటి నుంచి మొదటిసారి ఆమె మొహం తేటపడింది.

"ఇవి మొలగొలుకుల బియ్యం గదా?"

"అవునమ్మా. పెన్నకు ఆవల వాళ్లే దంచి తెస్తారు."

"మా గరిసెలో ఉండేదీ ఇవే."

ఆయన కళ్లద్దాలు తీశాడు. "మరి ఇంత దూరం వచ్చి ఎందుకు కొంటున్నారు?"

దాంతో అమ్మ కట్ట తెగినట్టు అంతా చెప్పేసింది. కామెర్లు, నలభై రోజుల పథ్యం, పక్క చేను ఆయన చావు, కరపత్రం, కారం దంచిన రోలు. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. అంతా విన్న తర్వాత ఒక్కటే అడిగాడు.

"ఆయనకు ఆకలి అవుతోందా?"

"ఎందుకు కాదు! మేం తింటా ఉంటే గుటకలేస్తాడు."

"అయితే జబ్బు లేదమ్మా. భయం ఉంది."

అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. అమ్మ చెవిలో చెప్పాను. ఈ అంగడి పేరున్న గుడ్డ సంచి ఒకటి తీసుకుందాం, ఇంట్లో మన బియ్యమే అందులో పోసి పెడదాం, నాయనకేం తెలుస్తుంది అని. అమ్మ ఒక క్షణం ఆలోచించి అంగడి పెద్దాయన్నే అడిగేసింది.

"అన్నా, ఒక సంచి మాత్రం ఇస్తావా?"

ఆయనకు విషయం అర్థమైంది. నా వైపు చూసి నవ్వాడు కానీ తల అడ్డంగా ఊపాడు. "సంచిదేముందమ్మా, ఇస్తాను. రేపు ఆయనకు తెలిసిందనుకో, ఇంక నీ చేతి అన్నం కూడా నమ్మడు. అప్పుడేం చేస్తావు?"

నా చెవులు వేడెక్కాయి. అమ్మ తల వంచుకుంది. మళ్లీ తలెత్తి అడిగింది. "అయితే ఎట్టా చేసేది?"

"ఒక్క పూటకు సరిపడా తీసుకుపో. ఇవాళ నా బియ్యం తినమను. రేపటి నుంచి మీ బియ్యమే. నేను చెప్పానని చెప్పు."

కరపత్రం వెనక వైపు పెన్సిలుతో నాలుగు ముక్కలు రాసి ఇచ్చాడు. ఆ ఉత్తరం చేతికి రాగానే అమ్మ మునుపటి అమ్మ అయిపోయింది. తేనె వద్దంది. ఖర్జూరం వద్దంది. చారెడు ఎండుద్రాక్ష మాత్రం పొట్లం కట్టించింది, అది డాక్టరు కూడా తినమన్నాడు కాబట్టి. ఒక్క పూట బియ్యం, ఒక పొట్లం ఎండుద్రాక్ష. గంటసేపు తేలనిది రెండు నిమిషాల్లో తేలిపోయింది. బస్సులో నాకు నాలుగు ద్రాక్షలు ఇచ్చి తను రెండు నోట్లో వేసుకుంది.

ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని అమ్మ రెండు పొయ్యిలు ముట్టించింది. ఒక సట్టిలో అంగడి బియ్యం. వేరే సట్టిలో మా ఇంటివి. అవి దంచే ముందు రోలును ఇటుకపొడి వేసి మూడుసార్లు తోమింది. నాయన మంచాన్ని వసారాలోకి జరిపించి, ఆయన కళ్లెదురుగానే తోమింది, ఆయన కళ్లెదురుగానే దంచింది. నన్ను ఉత్తరం చదవమంది. నేను చదివాను.

"అయ్యా, మీ ఇంటి బియ్యం, నా అంగడి బియ్యం ఒకటే. మీ ఆడమనిషి నాకంటే సరుకు బాగా ఎరిగిన మనిషి. ఆమె పెట్టింది నిశ్చింతగా తినండి. తిని, ఎట్లా ఉన్నారో నాకు కబురు పంపండి."

నాయన ఉత్తరం తీసుకుని తనే మళ్లీ చదువుకున్నాడు. అమ్మ ఒకే కంచంలో ఈ పక్క ఒక ముద్ద, ఆ పక్క ఒక ముద్ద పెట్టి, మీద పల్చటి మజ్జిగ పోసి తెచ్చింది.

"ఇది అంగడిది. ఇది మనది. నీకు ఏది ఇష్టమైతే అది తిను. దాచేదేం లేదు."

ఆయన అంగడి ముద్దలోంచి ఉసిరికాయంత తీసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగి, పొట్ట మీద చేయి వేసుకుని కూర్చున్నాడు, లోపల ఏమవుతుందో వింటున్నట్టు. ఇంకో ఉసిరికాయంత తిన్నాడు. ఇంకొకటి. అంగడి ముద్ద అయిపోయింది. కంచం వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు.

"అదీ ఇదీ ఒకటే అన్నాడు గదా" అన్నాడు, తనకు తనే చెప్పుకుంటున్నట్టు.

రెండో ముద్దలో సగం తిన్నాడు. మిగిలిన సగం "రేపు" అన్నాడు. ఆ ఒక్క మాటకు అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. యాభై రోజుల తర్వాత మా నాయన నోట రేపటి అన్నం మాట రావడం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే ఆయన్ను వాకిట్లో వెలుతురుకు నిలబెట్టి అమ్మ కింది రెప్పలు లాగి చూసింది. కళ్లు తెల్లగా ఉన్నాయి. నన్ను పిలిచి చూడమంది. నాకూ తెల్లగానే కనబడ్డాయి. అయినా నమ్మకం చాలక పక్కింటి అవ్వను కూడా పిలిచింది. "మల్లెపూలమాదిరి ఉండాయి పోవే" అంది అవ్వ. నాయన సిగ్గుపడి, "సంతలో ఎద్దును చూసినట్టు చూస్తారేందే అందరూ" అన్నాడు. ఆయన హాస్యమాడి ఎన్నాళ్లయిందో! మేం ముగ్గురం పగలబడి నవ్వాం.

ఆ మధ్యాహ్నం రెండు ముద్దలు పూర్తిగా తిన్నాడు, రెండూ మా ఇంటి బియ్యంవే. తిని, మేం అడగకుండానే మారు పెట్టించుకున్నాడు. నేను బావి దగ్గర కంచాలు కడుక్కుని వచ్చేసరికి అమ్మ వసారాలో చాప మీద, తలకింద చేయి పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి ఆదమరిచి నిద్రపోతోంది. పట్టపగలు అమ్మ పడుకోవడం నేనెన్నడూ చూడలేదు. లేపి లోపలికి పొమ్మందామని వంగాను. నాయన మంచం మీంచి చేయి ఊపి వద్దన్నాడు. మెల్లిగా లేచి, గోడ పట్టుకుంటూ నాలుగడుగులు నడిచి, ఆమె మొహం మీద పడుతున్న ఎండకు అడ్డంగా తన పంచె ఒకటి దండెం మీద ఆరేశాడు. వచ్చి మళ్లీ మంచం మీద కూర్చున్నాడు. ఆ నాలుగడుగులకే ఆయాసపడ్డాడు కానీ, మొహం నిండా నవ్వుంది.