నేపాల్‌కు కిరాయి సైకిల్

సైకిల్ టాక్సీ నడిపే మా కాక పోయాడు. సోమవారం పొద్దున చక్రానికి గాలి కొడుతూ ఉన్నట్టుండి పక్కకు ఒరిగాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. నేను బడికి పోతుంటే పక్క కొట్లోని దర్జీ ఎదురొచ్చి, "టీచరమ్మా, మీ కాక లేడు" అన్నాడు. సామాను తేవడానికి నిజామాబాద్ పోయాడేమో అనుకుని, "ఎప్పుడొస్తడు?" అని అడిగాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాలుక కరుచుకుంటాను.

ఆర్మూర్‌లో కిరాయి సైకిళ్ల దుకాణాన్ని సైకిల్ టాక్సీ అంటారు. ఆయనది మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఉండేది. మాకు చుట్టం కాదు. పదేళ్ల వయసులో మొదటిసారి గంట కిరాయికి సైకిల్ తీసుకున్న రోజు నుంచి నాకు కాకే. ఊరంతా మోటార్ సైకిళ్లు కొనుక్కున్నాక దుకాణంలో ఆరు సైకిళ్లు మిగిలాయి. ఆయన ఆరా తీసే గుణం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. యార్డుకు పసుపు వచ్చే రోజుల్లో తిరిగొచ్చిన సైకిల్ సీటు మీది పొడిని వేలికి రాసుకుని, వాసన చూసి, "గిది బాల్కొండ దిక్కు పసుపు" అనేవాడు. నిజమో కాదో ఎవరూ తేల్చలేదు, తేల్చాలని ఎవరికీ అనిపించనూ లేదు.

సైకిల్ ఇవ్వడానికి ఆయనకు కాగితం అక్కరలేదు. "ఎవలింటి పిల్లవు?" అని ఒక్కటే అడిగేవాడు. "పేరు అబద్ధం జెప్తరు గని బిడ్డా, ఇల్లు అబద్ధం జెప్పరు" అనేది ఆయన లెక్క.

ఈ ఏడు నేనూ, హాస్టల్లో నాతో చదివిన ఇద్దరు హైదరాబాద్ స్నేహితురాళ్లూ నేపాల్ కొండల్లో వారం రోజులు సైకిళ్ల మీద తిరగాలనుకున్నాం. సైకిళ్లు, హెల్మెట్లు, మోకాళ్ల తొడుగులు అన్నీ అక్కడే కిరాయికి. సంగతి చెప్పగానే కాక పంక్చర్ పని ఆపేశాడు.

"దుబాయి పొయ్యేటోళ్లను మస్తు మందిని జూసిన. సైకిల్ తొక్కనీకి దేశం దాటెటోళ్లను ఇప్పుడే జూస్తున్న" అన్నాడు. ఇక మొదలు. "గేర్లెన్ని?"

"ఇరవయ్యొకటి కాకా."

"గన్నిట్ల ఏదెప్పుడెయ్యాల్నో ఎట్ల తెలుస్తది? టోపీ గూడ కిరాయేనా? ఒకల చెమట టోపీ ఇంకొకలు పెట్టుకుంటరా? గుట్ట మీద పంక్చరైతె నీళ్ల తొట్టి ఎవలు పెడ్తరు?"

సగం ప్రశ్నలకు నా దగ్గర జవాబుల్లేవు. నెట్ సెంటర్‌కు పోయి వెతికి, కాగితం మీద రాసుకొచ్చి అప్పజెప్పేదాన్ని. నీళ్ల తొట్టి లేకుండా ట్యూబును చెవి దగ్గర పెట్టుకుని గాలి చప్పుడు వింటారంటే, ఆ పూటే ఒక పాత ట్యూబుతో ప్రయత్నించాడు. రోడ్డు మీద లారీల మోతకు ఏమీ వినపడక, "నేపాల్ల లారీలు తక్కువున్నట్టున్నయ్" అని తేల్చాడు.

ఆ కొండల దుకాణం వాళ్లు ఈమెయిల్‌లో ఒక ఫారం పంపారు. సైజు అన్నచోట నేను ఇరవై రెండు అంగుళాలు అని రాశాను. ఆర్మూర్ మనిషి ఎవరైనా అదే రాస్తారు. ఇక్కడ సైకిలంటే ఇరవై రెండు, లేకుంటే ఇరవై నాలుగు. కాకకు ఇంగ్లీషు రాదు కానీ అంకె చూశాడు, పక్కనున్న బొమ్మ చూశాడు.

"ఇరవై రెండు మన రోడ్డు మీదికి. గుట్ట మీద ఆగంగనే రెండు కాళ్లు నేలకు తాకాలె. లేకుంటే పక్కకు వడ్తవ్. పక్కకేముంటది? లోయ."

కొండ సైకిల్‌ను ఆయన ఎన్నడూ చూసినవాడు కాదు. దర్జీ దగ్గర్నుంచి టేపు తెప్పించి, చిన్నమ్మను, అంటే కాక భార్యను పిలిచి, నా కాలు కొలిపించాడు. ఆ కొలత పంపితే పదహారు సైజు చాలని వాళ్లు రాశారు. వారం పాటు బజార్లో కనిపించిన వాళ్లందరికీ ఆ సంగతి చెప్పుకున్నాడు.

అసలు చిక్కు ఫారం చివర ఉంది. గైడ్ లేకుండా కొండెక్కే వాళ్ల తొక్కుడు గురించి బాగా తెలిసినవారెవరైనా రాసివ్వాలి. లేకుంటే సైకిల్ ఇవ్వరు. స్నేహితురాళ్లకు హైదరాబాద్‌లో క్లబ్బు ఉంది. నాకెవరున్నారు? కాకకు చదివి వినిపిస్తే పెద్దగా నవ్వాడు. "ఎవలింటి పిల్లవని అడుగుతుండ్రు, గంతే. రాస్కో" అన్నాడు.

చెప్పిందే రాశాను. "గీ పిల్ల నాకు ఎర్కే. మస్తు సార్లు వడ్డది, లేచింది. సైకిల్‌కు దెబ్బ తాకితే ఎన్నడు దాచిపెట్టలె. మీరు గూడ సైకిల్ టాక్సీ నడిపెటోళ్లే, మీకు సమజైతది."

దాన్ని ఇంగ్లీషులోకి మార్చాను. కింద దుకాణం ముద్ర గుద్దాడు. పంపిన మర్నాటి నుంచి నేను కనిపిస్తే చాలు, "జవాబొచ్చిందా?" అనేవాడు. నా ప్రయాణం సంగతి ఎట్లున్నా, నలభై ఏళ్లు ఊళ్లో చెల్లిన తన మాట ఊరు దాటి, దేశం దాటి చెల్లుతుందా అన్నదే ఆయన బెంగ. ఆదివారం కూడా అడిగాడు. "రేపు చూస్త కాకా" అన్నాను.

జవాబు గురువారం వచ్చింది. "సైకిల్ ఇస్తాం. మీ పెద్దాయన మాట మాకు చాలు. ఆయన్ను ఒక్కటి అడిగి రాయండి. తీసుకుపోయినవాళ్లు పొద్దుగూకినా తిరిగిరాకపోతే ఆయనేం చేస్తారు? మాకిక్కడ అదే పెద్ద తిప్పలు."

నెట్ సెంటర్‌లో అందరి ముందూ ఏడ్చాను. బతుకంతా ప్రశ్నలడిగిన మనిషిని పరాయి దేశం వాళ్లు ఒక ప్రశ్న అడిగారు. జవాబు చెప్పడానికి ఆయన లేడు.

జవాబు కాగితం తీసుకుని చిన్నమ్మ దగ్గరికి పోయి, తెలుగులో చెప్పాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఏం జేస్తడు? ఇంకో సైకిల్ తీస్కొని ఎదురు వోతుండె."

"దొరికినంక తిడ్తుండెనా?"

"తిట్టుడెందుకు? నాకు గిటు దిక్కు పనుండె, నువ్వు గల్సినవ్ అంటుండె. పిల్లలు బుగులు వడ్తరని."

నాకు బాల్కొండ రోడ్డు గుర్తొచ్చింది. పన్నెండేళ్లప్పుడు గొలుసు తెగి, చెప్పిన గంట ఎప్పుడో దాటిపోయి, ఏడుస్తూ సైకిల్ నెట్టుకొస్తుంటే కాక ఎదురొచ్చాడు. మా ఊరి దారిలోని పెర్కిట్‌లో పనుందన్నాడు. నేను నమ్మాను, మొన్నటిదాకా నమ్ముతూనే ఉన్నాను. నన్ను వెనక కూర్చోబెట్టుకుని, ఒక చేత్తో తన హ్యాండిల్, ఇంకో చేత్తో గొలుసు తెగిన నా సైకిల్ హ్యాండిల్ పట్టుకుని, రెండు సైకిళ్లనూ పక్కపక్కన నడిపిస్తూ మెల్లగా ఊరి వైపు తొక్కాడు. పెర్కిట్ దాటిపోయింది. ఆయన ఆగలేదు.