సంపెంగకు సున్నం

మా ఆయన కెమెరా చేతపట్టుకున్నారంటే ఆ రోజు ఇంట్లో ఎవరికీ పని సాగదు. ఎవరికీ అంటే నాకే. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆయన కడప హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు. బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు, సామాను ఎక్కువైందని నల్లటి డబ్బా కెమెరా ఒకటి ఈయనకు ఇచ్చి పోయాడు. ఆ మహానుభావుడు ఎక్కడున్నాడో గాని, నా నెత్తిన పెద్ద బరువే పెట్టి పోయాడు.

అప్పటినుంచి మా పెరట్లో ఏ కాలానికి ఏది పూసినా కాసినా ఈయన అక్కడ హాజరు. వేప పూత రాలితే ఒక బొమ్మ, దానిమ్మకాయ పగిలితే ఒక బొమ్మ, తొలకరికి గోడవార తుమ్మి పూస్తే దానికోసం బోర్లా పడుకొని ఒక బొమ్మ. రీలు చుట్టకు వచ్చేవే ఎనిమిది బొమ్మలు. ఒక్కో బొమ్మకు ఒక్కో పూట. నేను బావి దగ్గరికి పోతే నీడ పడుతుందట. ఉతికిన చీర తీగ మీద వేస్తే వెనకాల తెల్లగా కొడుతుందట. మడి బట్ట ఆరేసుకోవడానికి కూడా ఈయన పర్మిషన్ కావాలా అని ఎన్నిసార్లు గొణుక్కున్నానో లెక్కలేదు. వినేవాళ్లెవరు?

ఇదంతా సరే, ఓర్చుకున్నాను. సంపెంగ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా ఓపిక అయిపోయింది.

ఆ సంపెంగ మా అమ్మ ఇచ్చింది. పెళ్లయి కాపురానికి వచ్చేనాడు, రాజంపేట స్టేషన్లో రైలు కదలబోతుంటే, పాత రేకు డబ్బాలో మన్ను పోసి నాటిన మొక్కను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. కడప ఎండకు సంపెంగ బతుకుతుందా అని అందరూ నవ్వారు. పదకొండేళ్లు దానికి నేను నీళ్లు తోడాను. ఎండాకాలంలో బావి అడుగంటితే గిన్నెలు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు అన్నీ దాని మొదట్లోనే. మూడు వేసవుల్లో ఆకంతా రాల్చేసి నా ప్రాణం తీసింది. అయినా బతికింది.

అమ్మ మాత్రం ఆ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా మా ఇంటికి రాలేదు. మా ఇళ్లల్లో ఒక పట్టింపు ఉంది. కూతురికి బిడ్డ పుట్టేదాకా తల్లి ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టకూడదు. నాకు పుట్టలేదు. తినకపోతే మానె, వచ్చి చూసి పోరాదా అని నేను ఎంత పోట్లాడానో. వచ్చి మెతుకు ముట్టకుండా పోతే ఎందుకు ముట్టలేదని వీధిలో పదిమంది అడుగుతారని, ఆ మాటలు నేను పడాల్సి వస్తుందని ఆమె వాదన. మొండిది మా అమ్మ. నా మొండితనం ఎక్కడినుంచి వచ్చిందో మా ఆయన అడగనక్కర్లేదు.

ఆ ఏడు చైత్రంలో అమ్మకు పక్షవాతం కొట్టి ఎడమ పక్క పడిపోయింది. ఇక పట్టింపు లేకపోయినా ఆమె కదిలి వచ్చేది లేదు. ఆషాఢంలో నాలుగు వానలు పడ్డాక, మా సంపెంగ మొట్టమొదటిసారి పూసింది. పది పూలు తడిగుడ్డలో చుట్టుకొని రాజంపేటకు పోయాను. అమ్మ కుడిచేత్తో ఒక పువ్వు తీసుకొని వాసన చూసి పక్కన పెట్టింది.

"పూలు అంగట్లో గూడా దొరుకుతాయి లేవే. ఆ చెట్టు మీ ఇంట్లో ఎట్లుండాదో ఒక్కసారి చూడాలనుండాది" అంది. నోరు ఒక పక్కకు లాగి, మాట సరిగా రావడం లేదు. అయినా ఆ ఒక్క మాట మాత్రం స్పష్టంగా వచ్చింది.

తిరిగి వచ్చి ఆ మాట చెప్పగానే మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఫోటో తీసిస్తాను, అత్తయ్యకు చూపిద్దువు గాని అన్నారు. ఇన్నాళ్లకు ఆ డబ్బా ఒక పనికి వస్తున్నది కదా అని నేనూ సంబరపడ్డాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మొదటి రీలుకు వారం పట్టింది. పొద్దున ఎండ ఏటవాలుగా పడాలట, సాయంత్రం ఆకుల వెనకనుంచి రావాలట. పూలు కొయ్యనివ్వలేదు, దేవుడికి ఒక్క పువ్వు పెట్టనివ్వలేదు. వారం తర్వాత బజారులో ఫోటోల సాయిబు దగ్గర కడిగించి తెచ్చారు. చూద్దును కదా, చెట్టుంది, ఆకులున్నాయి, పువ్వు ఒక్కటీ లేదు. పసుపు రంగు ఈ రీలుకు ఆనదనీ, నల్లగానే పడుతుందనీ సాయిబు చెప్పాడట. పదకొండేళ్లు నీళ్లు పోసి పూయిస్తే, బొమ్మలో అది గొడ్డుచెట్టై నిలబడింది. ఆ బొమ్మ తీసుకుపోయి మా అమ్మకు ఎట్లా చూపించను? నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపును కోపంగా మార్చి ఆయన మీద వెళ్లబోశాను.

ఆయన రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టారు. పూలకు సున్నం వెయ్యడం. తెల్లగా ఉంటే తెల్లగా పడతాయి కదా అని. నిచ్చెన వేసుకొని, బడినుంచి తెచ్చిన కుంచెతో, నా తాంబూలం పళ్లెంలోని సున్నం కలిపి, ఒక్కొక్క రేకుకూ పూత పూశారు. సున్నం తగిలిన పువ్వు మధ్యాహ్నానికల్లా వడిలి గోధుమరంగుకు తిరిగేది. మర్నాడు మళ్లీ కొత్త పూలు, మళ్లీ కొత్త సున్నం. పక్కింటామె గోడ మీదినుంచి చూసి, చెట్టుకు ఏం తెగులొచ్చిందని నిజంగానే జాలిపడుతూ అడిగింది. నేనేం చెప్పేది? మా ఇంటి యజమానికి వచ్చిందని చెప్పాను.

అంతటితో అయిపోయినా బాగుండేది. చెట్టు వెనక ఏదీ కనిపించకూడదని ఇంకో పట్టు. కట్టెలు తీసెయ్యి, పిడకలు తీసెయ్యి, ఊరగాయ జాడీలు తీసెయ్యి. బావి గిలకను తియ్యలేరు గనుక, నా పెళ్లినాటి దుప్పటి తెచ్చి రెండు గుంజలకు కట్టి వెనకంతా మూసేశారు. అమ్మ అడిగింది పువ్వును కాదండీ, మన ఇంట్లో చెట్టు ఎట్లుందో చూడాలని అడిగింది అని చెప్పి చూశాను. అత్తయ్యకు చూపించేది అందంగా ఉండాలి కదా అన్నారు. చెవిటివాడికైనా సైగ చేసి చెప్పొచ్చు, ఈయనకు ఎట్లా చెప్పేది?

రెండో రీలులో ఏడు బొమ్మలు అట్లాగే అయిపోయాయి. ఒకదానికి గాలికి కొమ్మ కదిలింది. ఒకదానికి ఎండ పోయింది. ఇంకోదానికి సున్నం పూసిన పువ్వు సరిగ్గా ఆ క్షణంలోనే రాలింది. ఒక్క బొమ్మ మిగిలింది. ఈలోగా మా అన్న జాబు రాశాడు. అమ్మ అన్నం సరిగా తినడం లేదు, ఒకసారి వచ్చిపో అని. నేను పోతానంటే, ఒక్కరోజు ఆగు, ఫోటోతో పోదువు గాని అన్నారు. మర్నాడు మబ్బు. ఆ మర్నాడూ మబ్బే. మూడోనాడు పొద్దున కాస్త ఎండ వచ్చింది. ఆయన నిచ్చెనెక్కి సున్నం పూసి, దిగి, దుప్పటి సరిచేసి, కెమెరా మీదికి వంగి చూసి, "ఇంకాసేపు ఆగాల, వెలుతురు సాలదు" అన్నారు.

నాకు ఒళ్లు తెలియలేదు. వంటింట్లోంచి దూసుకుపోయాను.

"మా అమ్మ ఆడ అన్నం మానేసి పడుంటే, ఈడ మీరు పూలకు ముస్తాబు చేస్తాండారా" అని దుప్పటిని ఒక్క లాగు లాగాను. అది గుంజలతో సహా ఊడి వచ్చింది. ఆ అదురుకు ఆయన వేలు పడి కెమెరా టక్కుమంది.

సాయంత్రం సాయిబు దగ్గర కడిగించి తెచ్చిన ఆ బొమ్మ చూసి ఆయన తల పట్టుకున్నారు. పూలు ఒక మూలకు పోయాయి. దుప్పటి సగం కింద, సగం నా చేతిలో. వెనక బావి, కట్టెల మోపు, తీగ మీద తడి చీరలు, వంటింటి తలుపు, అన్నీ పడ్డాయి. మధ్యలో నేను, కొంగు జారి, నోరు తెరిచి. పక్కలు కత్తిరించి పూల వరకు ఉంచుతానని కత్తెర తీశారు. ఆ కత్తెర ఆ బొమ్మ మీద పడితే నేను మళ్లీ ఈ ఇంటికి రానని చెప్పి, దాన్ని పెట్టెలో చీర మడతలో దాచుకొని, మర్నాటి రైలుకు పోయాను.

అమ్మ అప్పటికి బాగా చిక్కిపోయింది. వెనక దిండు పెట్టి కూర్చోబెట్టి బొమ్మ చేతికిచ్చాను. చాలాసేపు చూసింది.

"ఎవుర్నే తిడతాండావు?" అంది.

"మీ అల్లున్నే."

అమ్మ నవ్వింది. నోరు వంకరగా పోయినా అది నవ్వేనని నాకు తెలుసు. చెట్టును ఒక్కసారి చూసి, పూలున్న మూలను వదిలేసింది. కుడిచేతి వేలు మెల్లగా బొమ్మ మీద నడిపించడం మొదలుపెట్టింది. బావి ఎంత లోతో అడిగింది. గిలక కిర్రుమంటుందా అని అడిగింది. కట్టెలు వానకు తడవవా అంది. వంటింటి తలుపు దగ్గర వేలు ఆపి, పొగ పోవడానికి దారి ఉందా అంది. తీగ మీది చీరల్లో తాను పెట్టినది ఏదని అడిగింది. నేను ఒక్కొక్కదానికీ జవాబు చెబుతూ పోయాను. ఇంట్లో మూలమూలా తిప్పి చూపిస్తున్నట్టే ఉంది నాకు.

అన్నీ అయ్యాక అమ్మ తలెత్తి నన్ను చూసింది.

"నేనొస్తే కాళ్లు యాడ కడుక్కోవాల?" అంది.

మాకు ఊరినుంచి ఎవరొచ్చినా బావి పక్కనున్న నల్లబండ మీద నిలబడి కాళ్లు కడుక్కుంటారు. నేను బొమ్మ అంచున దాన్ని చూపించాను. అమ్మ ఆ బండ మీద వేలు పెట్టి, కళ్లు మూసుకుంది. చాలాసేపు ఆ వేలు తియ్యలేదు. బొమ్మలో ఆ బండ సగమే పడింది. ఇంకొక్క జానెడు ఇటు తిప్పి ఉంటే పూర్తిగా పడేదే కదా అని మా ఆయన్ను ఈనాటికీ తిడుతూనే ఉన్నాను.