ఆదివారం పొద్దుగాల పిలిచిందెవరు

దయ్యాల ముచ్చట ఎవరన్నా ఎత్తితే నేను మొదలు అడిగేది ఒక్కటే. నువ్వు చూసినవా, చూసినోళ్లు చెప్పంగ విన్నవా? ఎప్పుడడిగినా రెండోదే తేలుతది. చదువుకునే రోజుల్లో జనగామ హాస్టల్‌లో ఒక గదిలో ఫ్యాను దానంతట అదే తిరుగుతదని ఆడపిల్లలు వణికేటోళ్లు. ఆ గది నాకియ్యుండ్రని వార్డెన్‌ను అడిగి మరీ తీసుకున్న. స్విచ్చి వేసినా తిరగని ఫ్యాను అది. ఎండాకాలమంతా చెమటలో ఉడికిన గాని దయ్యం మాత్రం రాలే.

కాబట్టి ఇది చదివి పాపం, జడుసుకున్నట్టుంది అని నా మీద జాలి పడకుండ్రి. నేను జడుసుకోలే. నాకు కోపమొచ్చింది. అడిగిన ప్రశ్నకు జవాబు రాకపోతే నాకు కోపమే వస్తది.

మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటం. ఆ మానుకోట బయట, మిరపకాయలు ఏరే షెడ్డుకు నేను మేనేజర్ని. రైతుల దగ్గర కొన్న కాయను ఆడోళ్లు కూచోని తాలుకాయ వేరు చేసి, తొడిమ తీసి, సంచులకెత్తుతరు. అక్కణ్నుంచి అది లారీలో ఓడరేవుకు, ఓడలో పరాయి దేశానికి పోతది. అక్కడెవరో తినే కూరలోని కారం ఇక్కడ మా ఆడోళ్ల దగ్గుతోని మొదలైతది.

మా ఊర్లల్లో కూలికి పోవుడు అంటే ఎవరికి వాళ్లు లేచి పోవుడు కాదు. పిలిచే మనిషి ఒకామె ఉంటది. తెల్లారకముందే ఇల్లిల్లు తిరిగి పిలుస్తది. ఆమె పిలిస్తే గుంపు కదులుతది. మా షెడ్డుకు పిలిచేది కొమురవ్వ. అరవై దాటిన మనిషి, పొట్టిగా ఉంటది, నోరు మాత్రం పొడుగు. చేతికి లావుపాటి వెండి కడెం. ఆ కడెంతోని గేటు మీద, తలుపు మీద టంగుటంగున కొట్టి, ఇంటికో తిట్టు తిట్టుకుంట పోయేది. ఒకరిని తిట్టిన తిట్టు ఇంకొకరిని తిట్టకపోయేది. ఆగి జవాబు వినకపోయేది. నువ్వు తలుపు తీసేసరికి ఆమె పక్కింటి ముందట ఉండేది.

షెడ్డుకొచ్చినంక మాత్రం కొమురవ్వ కాయ ముట్టేది కాదు. గోడకు ఆనుకొని కూచోని వక్కాకు నములుకుంట ముచ్చట్లు పెట్టేది.

ఇది మా హైదరాబాద్ ఆఫీసు నుంచి వచ్చిన శ్రీకర్‌కు కంట్లో నలుసైంది. మనుషుల నిర్వహణ ఆయన పని. చెడ్డోడేం కాదు. కాని మనుషులను డబ్బాలు గీసి, డబ్బాల మధ్య బాణాలు గీసి చూస్తేనే ఆయనకు సమజైతది. ఆ బొమ్మలో కొమురవ్వకు డబ్బా లేదు.

"ఆవిడ రోల్ ఏంటండీ మేడమ్?" అన్నడు.

"ఆమె పిలుస్తది. వీళ్లు వస్తరు."

"ఫోన్లో మెసేజ్ పెడితే రారా?"

"నీ పెండ్లికి మెసేజ్ చూసి ఎంతమంది వచ్చిండ్రు, బొట్టు పెట్టి పిలిస్తే ఎంతమంది వచ్చిండ్రు?"

నవ్విండు. నేను నవ్వలే. నేనూ ఎంబీఏ చదివిన. సంస్థ అంటే మనుషుల అల్లిక అని మా పుస్తకాల్లోనే రాసి ఉన్నది. పరీక్ష రాసినంక ఎవరికీ యాదికుండదు, అంతే. వాదించి వాదించి ఆయన్ను విసిగించి, యాష్టకు తెప్పించి, కొమురవ్వను తియ్యకుండా ఆపిన.

కొమురవ్వను ఆఫీసు తియ్యలేకపోయింది గాని జ్వరం తీసుకపోయింది. ఛాతీలో నెమ్ము చేరి దవాఖానలోనే పోయింది. ఇది ఎందుకు చెప్తున్ననంటే, నేను మట్టి చెయ్యడానికి పోయిన. గుంతలో పెట్టంగ చూసిన. నా చేతితోని మట్టి వేసిన. కడెం కొడుకు తీసి దాచుకున్నడు. ఎవరికన్నా అనుమానముంటే ఇక్కడనే తీర్చుకోవాలె.

ఇగ ఆమె జాగల ఇంకెవరినీ పెట్టేది లేదని శ్రీకర్ చెప్పిండు. ఫోన్లో యాప్ వచ్చింది. రాత్రి దాంట్లో రేపటి పని పెడితే అందరికీ టింగుమని మోగుతది. మోగేది గాని ఫోను ఎవరి జేబులో ఉన్నది? మగని జేబులో. అత్త ఏమో ఇయ్యాల పోకు, బట్టలు పిండేదున్నది అంటది. అదే కొమురవ్వ గేటు ముందట నిలబడి కడెం కొడితే, ఏ అత్తా అడ్డం రాకపోయేది. వస్తే ఏడు తరాలు కడిగేది మరి. ఒకామె బయిల్దేరితే పక్కామె బయిల్దేరేది. ఇప్పుడు ఎవరికి వాళ్లు ఆలోచించుకుంట ఇంట్లనే ఉంటున్నరు. షెడ్డు సగం ఖాళీ. కాయ కుప్పలు కుప్పలు ఉండిపోతాంది. ఆడోళ్లకు పని మీద ఇష్టం తగ్గిందని శ్రీకర్ తేల్చిండు.

అట్లున్నప్పుడు ఒక శనివారం, చీకటి పడే యాళ్లకు ఆయన ఫోను. ఓడ ముందుకు జరిగిందట. సముద్రం అవతల ఎక్కడో గొడవ, ఎవరో దారి మార్చుకున్నరు, దాని దెబ్బ మానుకోటకు తగిలింది. లారీ ఆదివారం పొద్దుమూకేసరికి మా షెడ్డు ముందట ఉంటది, మిగిలిన కాయంతా అప్పటికి సంచులకెక్కాలె. లేకపోతే ఆర్డరు ఇంకో రాష్ట్రానికి పోతది, షెడ్డు మూతపడ్తది. ఎండాకాలంలో ఆ షెడ్డు తప్ప మా ఆడోళ్లకు ఇంకో పని లేదు. ఆదివారం మాకు సెలవు. పిలవకుంటే ఒక్కరు రారు.

సరే, ఇప్పుడే యాప్‌లో పెడ్తవా అని నేను అడుగుతుండంగనే లైను కట్టయింది. గాలిదుమారం లేచింది. కరెంటు పోయింది, టవర్ పోయింది. వాన కొంచెం నిలిచినంక స్కూటీ తీసుకొని ఊర్ల దిక్కు పోయిన. దారికడ్డంగా చెట్టు పడి ఉన్నది, దాని మీద కరెంటు తీగలు. ఎనక్కి వచ్చిన. దారిలో ఎవరికీ చెప్పలే, చెప్పెటందుకు ఎవరూ ఎదురు కాలే. ఈ ముక్క జర గుర్తుపెట్టుకోండ్రి. ఆ పూట ఆదివారం పని ఉన్నదని తెలిసింది నాకు, హైదరాబాద్‌లో శ్రీకర్‌కు. అంతే.

పొద్దుగాల ఇంకా మసకగానే ఉన్నది. మా ఇంటి ఇనుప గేటు మీద టంగుటంగుమని మోగింది.

"ఓ మేనేజరమ్మా. పనోళ్లు లేవాలె గాని నువ్వు పండుకోవాలెనా?"

కొమురవ్వ బతికున్నప్పుడు మా ఇంటికి ఎన్నడూ రాలే. ఆమె తిరిగేది ఊర్లల్లో, నేనుండేది టౌన్లో. నాకు తిట్టు పడుడు అదే మొదలు. నిద్రమబ్బులో "వస్తున్న" అని జవాబు కూడా ఇచ్చిన. ఇచ్చినంక లేచి కూచున్న. పోయి తలుపు తీసిన. గేటుకు గొళ్లెం పెట్టే ఉన్నది. రోడ్డంతా బురద. ఎదురింటామె వాకిలి ఊడుస్తాంది. ఎవరన్నా వచ్చిండ్రా అంటే, ఎవరూ రాలేదన్నది. మరి గేటు చప్పుడు విన్నవా అంటే, విన్న, నువ్వే తీసినవనుకున్న అన్నది.

కల అనుకున్న. పోయినామె మీద మనసు పీకుతుంటే కలలొస్తయి, దానికి సైన్సు ఉన్నది. మొఖం కడుక్కొని, లారీ వస్తే డ్రైవరుకు ఖాళీగా పొమ్మని చెప్పెటందుకు షెడ్డుకు పోయిన. టౌన్ దిక్కు నుంచి షెడ్డుకు దారి బాగానే ఉన్నది.

షెడ్డు తాళం తీసి వెనక్కి తిరిగి చూస్తే, చేన్ల గట్ల మీదినుంచి ఆడోళ్లు వస్తున్నరు. రోడ్డు మూసుకపోయింది గదా, చెప్పులు చేతుల్లో పట్టుకొని, చీరలు ఎగజెక్కి, బురదలో దిగబడుకుంట, సద్దిగిన్నెలతోని. ఊర్లనుంచి, తండానుంచి. కొమురవ్వ పోయినంక మొఖం చూపనోళ్లు కూడా వస్తున్నరు. గుంపు మొత్తం.

ముందట తండా నుంచి వచ్చే బుజ్జి ఉన్నది. నన్ను చూస్తనే మొదలుపెట్టింది.

"పిలిచెటామెను పెడితే పెట్టినవ్ గని అక్కా, ముందుగల్ల ఒక మాట చెప్పొద్దా. ఆదివారం పూట గట్ల కొడ్తరా తలుపు? మా ఆయన మంచం మీదికెళ్లి కిందపడ్డడు."

"ఎవరు పిలిచిండ్రు?"

"నువ్వు పంపినామె. నిద్రమబ్బులో గొంతు పోల్చలే."

"నేనెవరినీ పంపలే."

బుజ్జి నన్ను చూసింది, పక్కనున్నోళ్లను చూసింది. పాతోళ్లు ఒక్కొక్కరే తల దించుకున్నరు. వాళ్లకు తెలుసు. దారిలోనే తెలిసినట్టుంది, ఎవరూ నోటితోని అనలే. మొఖం చూసిండ్రా అని అడిగిన. ఎవరూ చూడలే. తలుపు తీసేసరికి పక్కింటి దగ్గర చప్పుడు వినపడ్డదట.

అయితే పాతోళ్ల సాక్ష్యం నేనే కొట్టేస్త. ఏండ్ల తరబడి విన్న గొంతు చెవిలో ఉండిపోతది, దుమారం రాత్రి సరిగ్గ నిద్రలేక అందరికీ వినపడిందనుకుందాం. కాని రజియా ఉన్నది. టౌన్‌కు ఆనుకొని ఉన్న గల్లీలో ఉంటది. కొమురవ్వ పోయినంకనే షెడ్డులో చేరింది. ఆమెను చూసింది లేదు, గొంతు విన్నది లేదు.

"నీకెట్ల తెలిసింది రజియా?"

"మా రేకు తలుపు మీద కొట్టింది గదా మేడం. ఇనుముతోని కొట్టినట్టు. 'కొత్తపిల్లా, నీ చున్నీ వెతుకుడు అయ్యేసరికి ఓడ పోతది' అన్నది. నిజంగనే చున్నీ వెతుకుతున్న. జర పరేషాన్ అయిన. ఎవరు మేడం ఆమె, బాగా మాట్లాడుతది."

ఓడ ముచ్చట నేను ఎవరికీ చెప్పలేదని ఇందాకనే అన్న.

"అందరం వచ్చినం గదా," అన్నది బుజ్జి, కొంగు ముక్కుకు కట్టుకుంట. "పని చూద్దాం పా. అడిగేది తర్వాత అడుగుదువు."

కూచున్నరు. ఆ రోజు చేసినట్టు ఆ షెడ్డులో ఎన్నడూ చెయ్యలే. ముచ్చట్లు లేవు, దగ్గులు, తొడిమ తుంచే చప్పుడు, అంతే. గోడ పక్క జాగలో ఎవరూ కూచోలే. లారీ వచ్చేసరికి సంచులు సిద్ధంగా ఉన్నయి. లారీ నింపుకొని టౌన్ దారిలోనే పోయింది, ఊర్ల దిక్కు చెట్టు కొట్టి రోడ్డు తీసిండ్రు. ఆర్డరు నిలబడ్డది.

తర్వాత నేను ఊరుకోలే. షెడ్డు వాచ్‌మన్‌ను అడిగిన, రాత్రంతా షెడ్డు దాటలేదన్నడు. కొమురవ్వ కొడుకును అడిగిన. కడెం పెట్టెలోనే ఉన్నది, చూపించిండు. ఎవరన్నా ఆకతాయి చేసిందంటే, టౌన్లో నా గేటు, గల్లీలో రజియా తలుపు, తండాలో బుజ్జి తలుపు ఒక్క పొద్దుగాల ఎట్ల కొడ్తరు, దారి మూసుకపోయినంక? అందరూ కూడబలుక్కొని అబద్ధమాడిండ్రంటే, పని ఉన్నదని ముందు తెలియాలె గదా కూడబలుక్కోవడానికి?

శ్రీకర్ అయితే సంబురపడ్డడు. యాప్ పనిచేసిందన్నడు. తెరిచి చూడు బాబూ అన్న. మెసేజ్ అసలు పోనేలేదని దాంట్లోనే ఎర్రగుర్తు ఉన్నది. అప్పుడు ఆయన గొంతు జర తగ్గింది.

రేగొండలో ఉండే మా అక్క ఇంకో రకం. షెడ్డుకు దిష్టి తీపియ్యి, ఎవరినన్నా పిలిచి కట్టు కట్టియ్యి అన్నది. నాకు మండింది. జీతం రాళ్లు లేకుండా, చచ్చిపోయినంక కూడా వచ్చి పని కాపాడినామెను నిమ్మకాయలు కోసి తరుమాలెనా? ఉన్నోళ్లనే తరిమేటందుకు ఆఫీసు ఉన్నది, పోయినోళ్లను తరిమే పని నేను పెట్టుకోను అన్న. అక్క నెల రోజులు మాట్లాడలే.

మా కాయ కొన్న కంపెనీ వాళ్లు ఆ పరాయి దేశం నుంచి వీడియోలో మాట్లాడుతరు, ఫోన్లు లేని పూట ఇంతమందిని ఎట్ల కూడగట్టినవని అడుగుతరు, చెప్పడానికి తయారుగా ఉండమన్నడు శ్రీకర్. తయారుగానే ఉన్న, జరిగింది జరిగినట్టు చెప్త అన్న. ఆయన ఎర్రబడ్డడు.

"అలా చెప్తే బాగోదండీ."

"అయితే పిలిచే మనిషి ఉన్నదని చెప్దాం. చెప్పాలంటే మనిషి ఉండాలె గదా. పోస్టు పెట్టు."

పెట్టిండు. దానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరొకటి పెట్టి, బొమ్మలో డబ్బా గీసిండు, బాణాలు గీసిండు. నాకు పేరుతోని పనిలేదు. ఆ పనికి నేనే కావాలెనని రజియా వచ్చి అడిగింది, ఆమెనే పెట్టినం. ఆమె తిరుగుతాంది, అత్తలు గొణుగుతున్నరు గాని అడ్డం రావట్లేదు, షెడ్డు నిండుతాంది.

ఆ పొద్దుగాల మా గేటు కొట్టింది ఎవరో నాకు తెల్వదు. దయ్యం అనను, ఎందుకంటే నేను నమ్మను. భ్రమ అననియ్యను, ఎందుకంటే సంచులు నిండినయి. ఈ రెండింట్లో ఏదో ఒకటి ఒప్పుకోమని పట్టుబట్టెటోళ్లు చానమంది వచ్చిండ్రు, అందరితోని కొట్లాడిన. ఇంకా కొట్లాడుత.

మొన్న రజియా ఒక మాట చెప్పింది. కొమురవ్వ ఉండే వాడకు తను పోయేసరికి ఆడోళ్లు సద్దిగిన్నెలు పట్టుకొని బయట నిలబడి ఉంటున్నరట. ఎవరు లేపిండ్రంటే, ఇప్పుడే పిలిచిపోతివి గదా అంటున్నరట.

భయమైతలేదా అని అడిగిన.

"భయమెందుకు మేడం," అన్నది. "ఆ వాడ నడక నాకు తప్పింది."